క్లౌడియస్ అను రోమక వంశనామము

ప్రాచీన రోమనులలో ప్రముఖులకు సాధారణముగా మూడు పేర్లుండెడివి: ముందు స్వనామము, నడుమ వంశనామము, కడపట శాఖానామము. మన యింటిపేరునకు సాటివచ్చునది నడిమి పేరు. ఆడుబిడ్డలకు ఆ వంశనామమే స్త్రీలింగ రూపమున పేరగుచుండెను. క్లౌడియస్ వారి కుమార్తెలందఱును క్లౌడియాలే. ఆంగ్లేయుల ఉచ్చారణమును బట్టి మనము దీనిని క్లాడియస్ అని వ్రాయుచున్నాము.

లాటినున 'క్లౌడుస్' అనగా కుంటివాడు. కావున ఈ వంశమునకు మూలపురుషుడు కుంటివాడై యుండునని పలువు రూహించిరి. క్రీ.శ. 41లో సింహాసన మెక్కిన క్లౌడియస్ చక్రవర్తి నడకలో తడబడెడివాడగుటచే ఈ మాట నమ్మదగినదిగా తోచును. కాని యాతడు పుట్టుటకు దాదాపు ఐదువందల యేండ్లకు పూర్వమే ఆ పేరు రోములో నున్నది. అదియును గాక, శరీర లక్షణములను దెల్పు పేర్లు రోమనులలో ఎక్కువగా మూడవ స్థానమున గాన్పించును. క్రీ.పూ. 312లో అప్పియస్ రాజమార్గమును ప్రారంభించిన అప్పియస్ క్లౌడియస్‌నకు తరువాత వచ్చిన 'కేకుస్' అను పేరునకు అంధుడని యర్థము. శబ్దసామ్య మొక్కటే వ్యుత్పత్తికి చాలదు.

వంశీయులు చెప్పుకొనిన కథ వేఱు. లివీ చరిత్రను బట్టి, అట్టియస్ క్లౌసస్ అను సబైను జాతి ప్రముఖుడు రోముతో సంధి కోరి, యుద్ధము కోరువారి ధాటికి నిలువలేక, క్రీ.పూ. 504లో తన యాశ్రితులతో గూడ రోమునకు వలస వచ్చెను. రోమనులు వారికి పౌరసత్వమును, అనియో నది కావల భూములను ఇచ్చిరి. క్లౌసస్ అచట అప్పియస్ క్లౌడియస్ అయ్యెను. వచ్చినవాని పేరు ఊరివారి నోట మలగుట పరభాషల నడుమ కాపురముండు తెలుగువారికి క్రొత్త గాదు. అయినను వారి పూర్వభాష పూర్తిగా మాసిపోలేదు. ఈ వంశపు శాఖానామమైన 'నీరో'కు సబైను భాషలో పరాక్రమశాలి యని యర్థమట. సుటోనియస్ ఇట్లు వ్రాసెను.

క్రీ.పూ. మొదటి శతాబ్దమున ఆ పేరు మరల మాఱినది. పుబ్లియస్ అను నాతడు సామాన్యుల పలుకుబడి ననుసరించి 'క్లోడియస్' అనిపించుకొనెను. ట్రిబ్యూను పదవి కులీనులకు నిషిద్ధమగుటచే, క్రీ.పూ. 59లో ఒక సామాన్య కుటుంబమునకు దత్తు పోయి, దానిని సంపాదించెను. దత్తు పోయినను దత్తతండ్రి వంశనామమును మాత్రము ధరింపలేదు!

క్రీ.శ. 48లో గాల్ దేశపు ప్రముఖులు సెనేటులో ప్రవేశము కోరగా, వారు పరాయివారని పలువు రాక్షేపించిరి. అప్పుడు క్లౌడియస్ చక్రవర్తి తన మూలపురుషుడు క్లౌసస్ సబైనుడే యనియు, రోమనులు వానిని ఒక్కసారిగా పౌరునిగను కులీనునిగను జేసికొనిరనియు వాదించినట్లు టాసిటస్ వ్రాసెను. ఆ ప్రసంగమును చెక్కిన కంచు ఫలకము 1528లో లియాన్ నగరమున దొరకినది. అందు కొంతభాగము లోపించినది. చక్రవర్తి మాట నెగ్గెను. గాల్ జాతులలో ఎడ్యూయి వారికి మొట్టమొదట సెనేటులో స్థానము లభించెను.