ఆండిపట్టి సీమలో గాలి తుపాకి: చట్టము, జాగ్రత్త

విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబముల సంతతివారు తేని జిల్లాలోని ఆండిపట్టి పరిసరములందు నేటికిని ఇంట తెలుగు మాట్లాడుచున్నారు. ఈ సీమ చరిత్రలో ఆయుధమునకు ప్రత్యేక స్థానము కలదు. నాటి పాళెగాండ్రలో పలువురు తెలుగువారే. పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మనను 1799లో ఉరితీసిరి. 1801 యుద్ధము ముగిసిన పిమ్మట మదరాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు ఆ యేడు డిసెంబరు 1వ తేదీ ప్రకటనచే ఇచట ఆయుధధారణమును నిషేధించెను. నేడు అమలులోనున్నది 1959 నాటి ఆయుధ చట్టము. అది 1962 అక్టోబరు 1న అమలునకు వచ్చినది.

ఆ చట్టము ప్రకారము తుపాకి కలిగియుండుటకు కనీస వయస్సు మొదట 16 ఏండ్లు. 1983 సవరణచే 21 ఏండ్లయినది. గాలి తుపాకికి 2016 నాటి నియమములు ఒక హద్దు నిర్ణయించినవి. గొట్టపు రంధ్రము 4.5 మిల్లీమీటర్లకు గాని, గుండు శక్తి 20 జౌళ్ళకు గాని మించినచో లైసెన్సు కావలెను. అంతకు లోబడినవానికి అక్కరలేదు.

తల్లిదండ్రులు పొరపడునది ఇక్కడనే. లైసెన్సు అక్కరలేనిదెల్ల ఆటవస్తువు కాదు. అరగ్రాము సీసపు గుండు సెకనుకు 170 మీటర్ల వేగమున పోయినచో దాని శక్తి సుమారు 7 జౌళ్ళు. చట్టపు హద్దులో సగమైనను లేదు. అయినను కన్ను పోగొట్టుటకు అది చాలును. రాతికి తగిలిన గుండు వెనుకకు మరలి కాల్చినవానినే గాయపరచవచ్చును. కావున గుండు లేదనుకొన్నను మనుష్యుని వైపు గొట్టము త్రిప్పరాదు. గురి వెనుక మట్టికట్టయో ఇసుక బస్తాలో ఉండవలెను. కండ్లకు రక్షణ అద్దములు ధరింపవలెను. పెద్దలు దగ్గర లేనిదే పిల్లలు దానిని ముట్టరాదు. పని ముగిసిన పిమ్మట తుపాకిని ఖాళీచేసి తాళము వేసి, గుండ్లను వేరొకచోట దాచవలెను.

తోటలలో పిట్టలను కొట్టుట వినోదముగా తోచవచ్చును. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి అడ్డు నిలుచును. నెమలిని చంపినవానికి శిక్ష 3 ఏండ్లకు తక్కువ కాదు.

దీపావళికి పిల్లలు పేల్చు బిళ్ళల తుపాకి వేరు, అచ్చముగా పిస్తోలును పోలిన బొమ్మ వేరు. పేలినను పేలకున్నను తుపాకివలె కనబడునదెల్ల నకిలీ తుపాకియేయని ఆయుధ చట్టము 6వ సెక్షను చెప్పుచున్నది. లైసెన్సు లేక దానిని నిజమైన తుపాకిగా మార్చినచో, 2019 సవరణ ననుసరించి, కనీసము 7 ఏండ్ల కారాగారము. దానిని చూపి బెదిరించుటయు నేరమే. చీకటిలో ఎదుటివానికి గాని, పోలీసువానికి గాని అది బొమ్మయని తెలియదు.

గురి నేర్వగోరు యువకునకు మంచి దారి కలదు. హైదరాబాదు వాసి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కంచు పతకము గెలిచినది 10 మీటర్ల గాలి తుపాకి పోటీలోనే. ఆ విద్య తోటలో పిట్టలపై కాక, శిక్షకుని కనుసన్నలలో, గురిశాలలో అలవడినది.