రాతిని తొలచు గాలి

కరీంనగరము గ్రానైటు గనులలో రాతికి రంధ్రము వేయు జాక్‌హామరును నడపునది గాలియే. కంప్రెసరు నుండి గొట్టము ద్వారా వచ్చు ఆ గాలి పిస్టనును ముందువెనుకలకు త్రోయగా, అది నిమిషమునకు వేయికి మించిన దెబ్బలు ఉలిపై కొట్టును. దెబ్బదెబ్బకు ఉలి కొంచెము తిరుగును. తిరుగనిచో తాను చేసిన గాడిలోనే ఇరుకుకొనును.

చూడవచ్చినవారు మ్రోతకు చెవులు మూసికొందురు. వెరవవలసినది ధూళికి. అందలి స్ఫటికరేణువులు ఊపిరితిత్తులలో నాటుకొని సిలికోసిస్ కలిగించును. అది కుదురు వ్యాధి కాదు. 1890 దశకపు చివర అమెరికాలో లెయినరు అను యంత్రకారుడు బోలు ఉలి గుండా గాలిని పంపెను. ధూళి పనివారినే ముంచెత్తినది. పిమ్మట నీటిని పంపగా పొడి బురదయై జారిపోయినది. నీటిగొట్టము తగిలించుట ఎంతసేపు? అయినను పని ఆలస్యమగునని దానిని మానువారు నేటికిని కలరు. ముఖమునకు చుట్టిన తుండుగుడ్డ ఆ సన్నని రేణువులను ఆపజాలదు.