చదివే పాట, వినే చెవి

నవలలో ఒక పాత్ర పాట అందుకొంటుంది. అచ్చులో దానికి శ్రుతి లేదు, తాళం లేదు, తంబూరా మీటేవారు లేరు. ఉన్నదల్లా నాలుగు నల్లని వరుసలు. అయినా కొందరు చదువరులు ఆ పేజీ దగ్గర ఆగిపోయి కళ్ళు మూసుకొంటారు. మరికొందరు "ఈ సంగీతం గొడవ ఎప్పటికి తెములుతుందిరా దేవుడా" అని రెండు పేజీలు గబగబ తిప్పి మళ్ళీ కథలో పడతారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే పుస్తకం. మరి తేడా ఎక్కడ వచ్చింది? రచయిత కలంలోనా, చదువరి చెవిలోనా?

ఈ ప్రశ్న పావగడ తాలూకా తెలుగువారికి మరికాస్త దగ్గరిది. మనకు మూడు వైపులా ఆంధ్రదేశం, నాలుగో వైపు చిత్రదుర్గం సీమ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కచేరీలో మళ్ళీ తెలుగు. కచేరీ అంటే తాలూకా కచేరీ కాదు లెండి, అక్కడ కన్నడమే. పాట కచేరీ మాట చెబుతున్నాను. కన్నడ విద్వాంసుడు బెంగుళూరు సభలో పాడినా, తమిళ విద్వాంసుడు మైసూరులో పాడినా, త్యాగరాజస్వామి కృతి ఎత్తుకొన్నాడంటే మన ఇంటి మాటలే పాడుతున్నాడు. అందుచేత మనవాడు కన్నడ నవల చదువుతూండగా అందులో సంగీతం వస్తే, కథ ఒక భాషలోనూ, పాట మరొక భాషలోనూ వినిపిస్తుంది. ఈ చిత్రమైన భాగ్యం అందరికీ దొరికేది కాదు.

ఇందుకు మంచి ఉదాహరణ మన పొరుగునే పుట్టింది. చళ్ళకెరె తాలూకాలోని తళుకు అనే ఊరిని ఇంటిపేరుగా మోసిన తళుకిన రామస్వామి సుబ్బరావుగారు (1920–1984) కన్నడంలో పేరుమోసిన నవలాకారులు. తరాసు అంటే చాలు, కన్నడం చదివిన ప్రతి ఇంటా తెలుస్తుంది. ఆయన వ్రాసిన 'హంసగీతె' పదునెనిమిదో శతాబ్దంలో చిత్రదుర్గపు సంగీత విద్వాంసుడు భైరవి వెంకటసుబ్బయ్య కథ. భైరవి రాగం ఆయనకు ఇంటిపేరంత దగ్గరయింది. ఇక పుస్తకం తెరచిన పాఠకుడికి నాయకుని పేరు వచ్చినప్పుడల్లా ఒక రాగం పేరు కంటబడుతుంది.

అయితే ఏ భైరవి?

ఇక్కడే అసలు విషయమున్నది. మన కర్ణాటక సంగీతంలో భైరవి ఇరవయ్యో మేళమైన నఠభైరవిలో పుట్టింది. ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం పలుకుతుంది. నిండైన రాగం, గంభీరమైన రాగం. కచేరీ నడిమధ్య కూర్చోబెట్టి గంటసేపు పాడదగినది. పచ్చిమిరియం ఆదిప్పయ్యగారి అటతాళ వర్ణం, శ్యామశాస్త్రులవారి స్వరజతి ఈ రాగంలోవే, రెండూ తెలుగు మాటలవే. హిందూస్థానీవారి భైరవి వేరు. అందులో పలికేది శుద్ధ రిషభం. స్వరాల లెక్క చూస్తే అది మన ఎనిమిదో మేళం తోడికి చుట్టం. కచేరీ ముగించేటప్పుడు, జనం లేచిపోబోయే ముందు, మనసు కరిగేటట్లు పాడుకొనేది. పేరొక్కటే, మనుషులిద్దరు. ఒకే పేరుగల ఇద్దరు మేనబావలను చూసి ఒకరికిచ్చిన శుభలేఖ మరొకరికిచ్చినట్లుంటుంది వ్యవహారం.

కనుక ధార్వాడలో గురువుగారి దగ్గర హిందూస్థానీ నేర్చుకొన్నవాడూ, పావగడలో రామనవమి పందిట్లో కర్ణాటక కచేరీ విన్నవాడూ 'హంసగీతె' చదివితే, ఇద్దరి చెవుల్లోనూ రెండు వేర్వేరు వెంకటసుబ్బయ్యలు పాడతారు. ఒకరికి పొద్దుగూకినట్లు దిగులు, ఒకరికి నడినెత్తిన సూర్యుడున్నట్లు నిండుదనం. రచయిత వ్రాసినది మాత్రం ఒకే మాట.

ఈ నవల తరువాత నడిచిన దారి చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1956లో దీన్ని ఆధారం చేసుకొని హిందీలో 'బసంత్ బహార్' అనే సినిమా తీశారు. సంగీతం శంకర్ జైకిషన్‌లది. నాయకుడు ఉత్తరాది గాయకుడైపోయినాడు, సినిమా పేరే రెండు హిందూస్థానీ రాగాల పేరైంది. అందులో రాజసభలో పాటపోటీ ఒకటున్నది. ఒకవైపు పండిత భీమ్‌సేన్ జోషీ గొంతు, మరొకవైపు మన్నాడే గొంతు. కథ ప్రకారం మన్నాడే గొంతే గెలవాలి! చూసేవారికి అది ఎంత రక్తి కట్టిందంటే, కథ మరచినవారికి కూడా ఆ పోటీ గుర్తున్నది. తరువాత 1975లో జి.వి. అయ్యరుగారు కన్నడంలోనే 'హంసగీతె' తీసినారు. అనంతనాగ్ నాయకుడు. సంగీతం మంగళంపల్లి బాలమురళీకృష్ణగారూ, బి.వి. కారంతుగారూ కలిసి చేసినారు. ఆ చిత్రంలో పాడినందుకు బాలమురళిగారికి జాతీయ బహుమతి వచ్చింది. గోదావరి లంకల్లోని శంకరగుప్తంలో పుట్టినాయన చిత్రదుర్గం విద్వాంసుడికి గొంతునిచ్చినారన్నమాట.

రెండు సినిమాలూ మంచివే. కాని నవల ఇచ్చిన స్వాతంత్ర్యం ఏ సినిమా ఇవ్వలేదు. సినిమాలో పాట వినిపించిన క్షణాన మన చెవిలోని పాట నోరు మూసుకొంటుంది. బాలమురళి విన్నాక వెంకటసుబ్బయ్యకు మరొక గొంతు ఊహించుకోవడం నాకు చేతకావడం లేదు. పుస్తకం ముందు చదివినవారు అదృష్టవంతులు.

మనకు పరిచయంలేని సంగీతం కథలో వస్తే ఏమవుతుంది? టాల్‌స్టాయి 1889లో వ్రాసిన 'క్రొయిట్జర్ సొనాటా' మనవాళ్ళు చాలామంది చదివే ఉంటారు. ఒకడి భార్య పియానో వాయిస్తుంది. పరాయివాడొకడు వయొలిన్ వాయిస్తాడు. వారిద్దరూ కలిసి బీథోవెన్ కృతి వాయించడం చూసి భర్త అసూయతో దహించుకుపోతాడు. వయొలిన్ అనగానే మన చదువరి మనసులో మెదిలేదేమిటి? చాప మీద బాసింపట్టు వేసుకొని, వాద్యాన్ని గుండెకూ మడమకూ మధ్య ఆనించి, పాటకుడి వంకే చూస్తూ వెంట నడిచే బుద్ధిమంతుడైన పక్కవాద్యగాడు! ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ వాద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చినప్పటినుంచీ మనకు దాని రూపమే అది. ఈ బుద్ధిమంతుణ్ణి చూసి ఏ భర్తకయినా అంత అసూయ ఎందుకు కలగాలి? టాల్‌స్టాయి మనిషి గడ్డం కింద వాద్యం అదిమిపట్టి, నిలబడి, ఆమెతో సమానంగా వాదించినట్లు వాయిస్తాడు. ఆ సొనాటాలో రెండు వాద్యాలూ సమవుజ్జీలు. ఈ సంగతి తెలిస్తే భర్త కడుపుమంట అర్థమవుతుంది. తెలియకపోతే కథ కొంత అతిగా కనిపిస్తుంది. సంగీతరీతి తెలియడం కథలో ఒక పాత్రను తెలుసుకోవడమంత ముఖ్యమయ్యేది ఇలాంటి చోటనే.

అయినా తెలియనివారికి తలుపు మూసెయ్యని రచయితలూ ఉన్నారు. ఇ.ఎం. ఫార్‌స్టరు 'హోవర్డ్స్ ఎండ్' (1910) అయిదో ప్రకరణంలో ఒక కచేరీ పెట్టినాడు. బీథోవెన్ అయిదో సింఫొనీ వాయిస్తున్నారు. ఒక పెద్దావిడ ఎవరూ చూడకుండా తాళం వేసుకొంటుంది. ఒక పిల్లకు అందులో వీరులూ, ఓడ మునకలూ, భూతాలూ కనబడతాయి. ఆమె అక్కకు సంగీతం తప్ప ఇంకేమీ కనబడదు. తమ్ముడు స్వరపుస్తకం ఒళ్ళో పెట్టుకొని తప్పులెన్నుతున్నవాడిలా కూర్చొంటాడు. ఆ సింఫొనీ ఒక్క ముక్క విననివాడికి కూడా ఈ నలుగురూ తెలుసు. మన రామనవమి పందిట్లో ముందు వరుసలో వీళ్ళే గదా కూర్చొనేది! నా మట్టుకు నాకు రాగాల పేర్లు జాబితా కట్టే రచయితకన్నా వినేవారి మొహాలు చూపించే రచయితే నచ్చుతాడు.

మన తెలుగులో పాటకు మరొక చిక్కున్నది. ఏ పాట ఎవరు పాడతారన్నదానికి ఒక కులమర్యాద అంటగట్టి ఉంచారు. గురజాడవారి మధురవాణి పాడితే 1909 నాటి చదువరికి ఆమె వృత్తి ముందు గుర్తుకొచ్చేది, పాట తరువాత. పదాలూ, జావళీలూ అనేసరికే పెద్దింటి ఆడవాళ్ళు లేచి లోపలికి పోయే రోజులవి. విశ్వనాథవారు 'వేయిపడగలు'లో గిరికను దేవదాసిగానే పెట్టి, ఆమె ఆటపాటలన్నీ వేణుగోపాలస్వామికి అంకితం చేయించినారు. ఆ విద్య మీద లోకానికున్న చిన్నచూపును ఆమె భక్తితో కడిగినారనిపిస్తుంది. ఈనాటి పిల్లలకు ఆ చిన్నచూపూ లేదు, అదే పదం సభలో చప్పట్ల మధ్య వింటున్నారు. అందువల్ల గిరిక వారికి మనకన్నా సులభంగా దగ్గరవుతుంది. ఆమె ఎంత బరువు మోసిందో మాత్రం వారికి మనం చెప్పవలసి వస్తుంది.

శాస్త్రీయ సంగీతం సంగతే ఇంతసేపు చెప్పినాను గాని, మన పల్లెల చెవి వేరు. కైవారం తాతయ్య తత్వం, చెక్కభజన, ఉరుములు: కథలో ఇవి వస్తే మా ముసలమ్మలకు టీకా తాత్పర్యం అక్కరలేదు. ఉరుము వాద్యం సంగతి చూడండి. కొట్టడంతో ఆగక పుల్లతో చర్మాన్ని రాచి లోపలినుంచి మూలుగులాంటి నాదం తెప్పిస్తారు. అనంతపురం, చిత్రదుర్గం సీమల్లో జాతర చూసినవాడికి "ఉరుము మోగింది" అన్న రెండు మాటలతో వెన్ను జలదరిస్తుంది. కోస్తా పాఠకుడు ఆకాశంలో మబ్బు పట్టిందనుకొంటాడు.

ఇప్పుడు మన ఇళ్ళలో పిల్లలు కన్నడం చక్కగా చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవడం కొందరికే వస్తుంది. 'హంసగీతె' వారి చేతికివ్వడానికి ఏ అడ్డూ లేదు, బడిలో నేర్చిన లిపే. అడ్డల్లా ఆ పాట వచ్చే పేజీల దగ్గరనే. అక్కడ వినబడవలసినది వారి అవ్వతాతల భాషలోని సాహిత్యం. అది ఒక్కసారయినా చెవిని పడకపోతే ఆ పేజీలు మూగవే.

ఈ దసరా సెలవుల్లో ఒక పని చేసి చూడండి. ముందు ఆదిప్పయ్యగారి భైరవి వర్ణం ఎవరిదయినా ఒక మంచి గొంతులో పిల్లలకు వినిపించి, మాటల అర్థం అవ్వ చేతనే చెప్పించండి. నాలుగు రోజులు పోయాక పుస్తకం ఇవ్వండి. పాట వచ్చినచోట వారు పేజీలు తిప్పేస్తారో, ఆగుతారో పక్కన కూర్చొని గమనించి, మాకు నాలుగు ముక్కలు వ్రాయండి.