హెడ్డు మారితే ఇంజనుకు ఏమవుతుంది?

ఎం.టెక్.లో చదివే విషయం ఏదైనా అందరికీ అర్థమయ్యేలా రాయమని సంచిక వాళ్లు అడిగారు. మన హాస్టల్లో చాలామంది ఇళ్లలో మెకానిక్కో, ఆటో డ్రైవరో, ట్రాక్టరు తోలేవాళ్లో ఉన్నారు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ షెడ్డు దగ్గర నిలబడినా "హెడ్డు మార్చేయ్, బండి ఎగిరిపోద్ది" అనే మాట వినిపిస్తుంది. ఆ మాటలో నిజమెంతో లెక్క కట్టి చూద్దామనే ఈ వ్యాసం.

సిలిండరు మీద మూతలా కూర్చునేది హెడ్డు. పిస్టను కిందికి దిగినప్పుడు లోపల ఉండే మొత్తం ఖాళీ, పైకి వచ్చాక మిగిలే ఖాళీకి ఎన్ని రెట్లు ఉంటుందో అదే కంప్రెషన్ రేషియో. పుస్తకాల్లో సంపీడన నిష్పత్తి అంటారు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం చేతికి వేడిగా తగులుతుంది కదా! గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇంజను రహస్యం సగం అక్కడే ఉంది.

మన రోడ్ల మీద బాగా తిరిగే హీరో హోండా స్ప్లెండర్‌ను తీసుకుందాం (2011లో ఆ కంపెనీ హీరో మోటోకార్ప్ అయింది). బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5. గుణిస్తే పిస్టను ఊడ్చే ఖాళీ 97.2 సీసీ. నిష్పత్తి 9 అనుకుంటే పైన మిగిలే ఖాళీ 97.2ను 8తో భాగిస్తే వచ్చేది, అంటే 12.15 సీసీ. రెండు టేబుల్ స్పూన్ల నూనె కూడా పట్టదు. అంత చిన్న చోటు కనుక అందులో ఒక్క సీసీ తేడా వచ్చినా లెక్క మారిపోతుంది. ఒక సీసీ తగ్గితే నిష్పత్తి 9.7, ఒక సీసీ పెరిగితే 8.4.

ఇప్పుడు షెడ్డు మాటకు వద్దాం. 125 సీసీ బండి హెడ్డు తెచ్చి 100 సీసీ బండికి బోల్టులు కలిసేలా బిగించారనుకోండి. ఆ బండి నిష్పత్తి కూడా 9 అయితే దాని పై ఖాళీ సుమారు 15.6 సీసీ. ఆ ఖాళీ అంతా హెడ్డుతోనే వచ్చిందనుకుంటే మన చిన్న బండి నిష్పత్తి 7.2కు పడిపోతుంది. పుస్తకంలోని ఆదర్శ లెక్క ప్రకారం ఇంధనం వేడిలో పనిగా మారే వాటా 58.5 శాతం నుంచి 54.7కు తగ్గుతుంది. అసలు ఇంజనులో రెండు అంకెలూ ఇంకా చాలా తక్కువే ఉంటాయి, కానీ తగ్గడం మాత్రం నిజం. పెద్ద హెడ్డుకు వాల్వులు పెద్దవే కావచ్చు. నొక్కడం తగ్గాక ఆ పెద్ద వాల్వులతో మామూలు వేగంలో ఒరిగేదేమీ లేదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే.

తిరగేసి చేస్తే ఇంకా ప్రమాదం. 100 సీసీ హెడ్డు 125 మీద పెడితే అదే లెక్కన నిష్పత్తి 11 దాటుతుంది. మొదటి రోజు బండి నిజంగానే ఎగురుతుంది! కానీ ఎక్కువ నొక్కితే ఎక్కువ వేడి. స్పార్కు మంట చేరకముందే చివర మిగిలిన పెట్రోలు గాలి తనంతట తాను పేలుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ముగ్గురు కూర్చున్నప్పుడు ఇంజనులో గులకరాళ్లు పోసినట్టు టకటకమంటుందే, అదే నాకింగ్. పెట్రోలు ఆక్టేన్ సంఖ్య ఎక్కువైతే దాన్ని కొంత తట్టుకుంటుంది. ఇంజనుకు తగినదానికంటే నిష్పత్తి బాగా పెరిగితే ఆ తట్టుకోవడం చాలదు. నల్లమల ఘాట్‌లో దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే రోడ్డు మీద అలాంటి బండి పిస్టను కరిగి చిల్లు పడడానికి కూడా అవకాశం ఉంది.

హెడ్డు వంకరపోతే లేత్ మీద ఫేసింగ్ చేస్తారు. స్ప్లెండర్ లాంటి బండికి 0.3 మిల్లీమీటరు తీస్తే సుమారు 0.6 సీసీ తగ్గి నిష్పత్తి 9.4 అవుతుంది. ఒకసారికి ఫరవాలేదు. మూడోసారి కూడా అదే హెడ్డు తీసుకెళ్తే మాత్రం మెకానిక్ గారిని రెండు మాటలు అడగండి.

డీజిల్ కథ వేరు. ఇది మా పెద్దవాళ్లకు ఎంత చెప్పినా నమ్మరు! బావుల మీద వాడే చాలా డీజిల్ ఇంజనుల్లో హెడ్డు అడుగు చదునుగా ఉంటుంది, మంట మండే గుంట పిస్టను తల మీద ఉంటుంది. కాబట్టి హెడ్డు ఫేసింగ్ చేసినా నిష్పత్తి పెద్దగా మారదు. వాల్వులు మాత్రం పిస్టనుకు దగ్గరవుతాయి, దాన్ని చూసుకోవాలి. అక్కడ నిష్పత్తిని మార్చేది హెడ్డు ప్యాకింగు మందం. కాలేజీ ల్యాబుల్లో కనిపించే 5 హార్సుపవర్ కిర్లోస్కర్ ఏవీ1 ఇంజనుకు బోరు 80, స్ట్రోకు 110, నిష్పత్తి 16.5. పై ఖాళీ 35.7 సీసీ. ప్యాకింగు అర మిల్లీమీటరు మందమైతే నిష్పత్తి 15.5కు దిగుతుంది.

మాకు తెలిసిన ఒక చేనులో ప్యాకింగు తెగితే సరైనది దొరకక రెండు కలిపి వేశారు. అలాంటి చోట 1.2 మిల్లీమీటర్లు అదనంగా చేరితే 16.5 కాస్తా 14.3 అవుతుంది. డీజిలుకు స్పార్కు ప్లగ్గు లేదు, గాలి వేడితోనే అంటుకోవాలి. చలికాలం పొద్దున నలుగురు మార్చి మార్చి హ్యాండిల్ తిప్పినా తెల్లపొగ తప్ప ఇంజను అందుకోలేదు. నాజిల్ మార్చారు, పంపు విప్పించారు, డబ్బు పోయింది, మిరపతోటకు తడి ఆలస్యమైంది. చివరికి ఒక ముసలి మెకానిక్ హెడ్డు విప్పి ఒక ప్యాకింగు తీసేశాడు. ఆయన ఏ కాలేజీ చదవలేదు, మేము రెండేళ్లు చదివిన సూత్రం ఆయన చేతిలో ఉంది.

ఇంకొక మాట. షెడ్డులో "కంప్రెషన్ పోయింది" అంటే నిష్పత్తి తగ్గిందని కాదు. రింగులు అరిగాయనో, వాల్వు కూర్చోవడం లేదనో, గాలి కారుతోందనో అర్థం. గేజి పెడితే వచ్చే అంకె ఒత్తిడిది. నిష్పత్తి లోహం కొలతల్లో ఉంటుంది, ఒత్తిడి ఇంజను ఆరోగ్యంలో ఉంటుంది. కారే ఇంజనుకు వేరే హెడ్డు వేయడం జ్వరానికి కళ్లద్దాలు మార్చడం లాంటిది.

హెడ్డు మార్చక తప్పకపోతే, పెట్రోలు బండికి ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. వాల్వులు, ప్లగ్గు బిగించి, హెడ్డును బోర్లించకుండా గుంట పైకి ఉండేలా సమంగా పెట్టండి. అంచుకు గ్రీజు రాసి, చిన్న రంధ్రమున్న ప్లాస్టిక్ పలక మూయండి. పది సీసీల సిరంజితో ఇంజనాయిల్ పోస్తూ ఎన్ని సీసీలు పట్టిందో రాసుకోండి. పాత హెడ్డుకూ అలాగే చేయండి. రెండింటికీ తేడా అర సీసీ లోపే ఉంటే బిగించుకోవచ్చు. రెండు, మూడు సీసీలుంటే ఆ హెడ్డు ఎంత చవకగా వచ్చినా తిరిగి ఇచ్చేయండి.