తెలుగుకి ఏ కిటికీ మేలు?

మిరప కల్లాల్లో ఎండే రోజులు. ఇరవై ఏళ్ల కిందట అద్దంకిలాంటి ఊళ్లో ఓ డీటీపీ సెంటర్. పెళ్లికార్డు సగం టైపయ్యేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కుయ్‌కుయ్‌మని చేతులెత్తేసింది. కరెంటొచ్చాక తెరమీద నీలిరంగు... స్కాన్‌డిస్క్! పెళ్లివారు బల్లమీద కూర్చుని చూస్తుంటే అది తాపీగా డిస్కంతా తడుముకుంటూ పోయేది. విండోస్ 98తో కాపురం చేసినవారికి ఈ దృశ్యం కొత్తేం కాదు.

ఇంతకీ పాత విండోసుల్లో ఏది మంచిది? ఆటలాడిన పిల్లలు 98 అంటారు, ఆఫీసువాళ్లు 2000 అంటారు. అద్దంకివాళ్ల దగ్గర మాత్రం ఇంకో కొలబద్ద ఉంది. క్రీ.శ. 848 నాటిదిగా చెప్పే పండరంగని శాసనం ఈ ఊరిదే. అందులోని తరువోజ పద్యాన్ని వెయ్యేళ్లు దాటాక కూడా చదువుకోగలిగాం. మరి 1999లో టైపు చేసిన పెళ్లికార్డు ఫైలో?

95, 98, మి... ఈ మూడూ డాస్ పునాదిమీద లేచిన ఇళ్లు. ఒక ప్రోగ్రాం మొరాయిస్తే సిస్టమంతా కూలబడేది. 1998 ఏప్రిల్‌లో షికాగో ప్రదర్శనలో సాక్షాత్తూ బిల్ గేట్స్ ముందే 98కి నీలితెర పడింది. ఆపకుండా 49.7 రోజులు నడిస్తే స్తంభించిపోయే లోపం కూడా 95, 98లలో ఉండేది. మన కరెంటు పుణ్యమా అని అది ఇక్కడివారికి తెలిసే అవకాశమే లేదు! 2000 సెప్టెంబరులో వచ్చిన మి గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

విండోస్ 2000, 2001లో వచ్చిన ఎక్స్‌పీలది ఎన్‌టీ వంశం. వీటిలో డిస్కుని ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటే, చేయబోయే మార్పుని ముందు ఓ చిట్టాలో రాసుకుని తర్వాత ఆవర్జాకి ఎక్కించినట్టు పనిచేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసి సర్దుకుంటుంది. సేవ్ చేయని పని పోతుందనుకోండి, డిస్కు మాత్రం నిలబడుతుంది.

అసలు తేడా తెలుగు దగ్గరే వచ్చింది. 98 రోజుల్లో మనం తెలుగు టైపు చేశామనుకున్నాం గానీ, కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లిషు అక్షరాలే. అను లాంటి ఫాంట్లు వాటికి తెలుగు వేషం వేసేవి. ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే వధూవరుల పేర్లు అర్థంలేని గీతలూ చుక్కలూ అయిపోయేవి. యూనికోడ్ వచ్చాక ప్రతి తెలుగక్షరానికీ సొంత సంఖ్య దక్కింది. విండోస్ 2000 ఆ పద్ధతిలో హిందీ, తమిళాలను చూపించింది కానీ తెలుగుని వదిలేసింది. ఎక్స్‌పీతో 'గౌతమి' ఫాంటు వచ్చింది. అదీ ఊరికే రాలేదు. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి టిక్కు పెట్టాలి, అడిగినప్పుడు సీడీ ఇవ్వాలి. ఆ సీడీ ఎక్కడుందో ఎవరికి గుర్తు?

2007 నాటి విస్టా ఆ బాధ తప్పించింది. అయితే హాయిగా నడవాలంటే ఒక జీబీ ర్యామ్ కావాలంది. అప్పటి మన సిస్టంలలో చాలావాటికి అది తలకు మించిన బరువు. 2009లో వచ్చిన 7 అదే పనిని తేలిగ్గా చేసింది, 'వాణి' అనే ఫాంటునూ తెచ్చింది. తెలుగు చదివే ఇంటికి పాతవాటిలో మార్కులు దానికే వేయాలి.

డీటీపీవాళ్లకు మాత్రం 7 అంతగా అక్కరకు రాలేదు. వాళ్ల బతుకంతా పేజ్‌మేకర్. 2001లో వచ్చిన 7.0తో అది ఆగిపోయింది. యూనికోడ్ తెలుగు దానికి రాదు. కాబట్టి కొత్త విండోస్ వచ్చినా పాత ఫాంట్లే నడిచాయి. ఎక్స్‌పీకి కంపెనీ సాయం 2014 ఏప్రిల్‌లో, 7కి 2020 జనవరిలో ఆగిపోయింది.

మీ ఇంట్లోనో షాపులోనో మూల అలాంటి సిస్టం ఉంటే, ముందు నెట్ తీగ పీకేయండి. పాత ఫైళ్లు తెరుచుకుంటున్నప్పుడే ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేసుకోండి. అది చూడటానికీ ప్రింటుకీ బాగుంటుంది గానీ, అందులోంచి కాపీ చేస్తే మళ్లీ గీతలే. అక్షరాలు కావాలంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. వాటిలో వత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి. కాగితంమీది పాత కార్డు పక్కన పెట్టుకుని దిద్దుకోవాల్సిందే.