ఒక్క క్రోమోసోము ఎక్కువైతే...

పిల్లలూ! మీ వీధిలోనో, మీ బడిలోనో ఇలాంటి అబ్బాయినో అమ్మాయినో మీరు చూసే ఉంటారు. గుండ్రని ముఖం, కొసలు కాస్త పైకి లేచిన కళ్లు, చప్పిడి ముక్కు, పొట్టి వేళ్లు. కొత్తవాళ్లు కనబడినా నవ్వుతూ వచ్చి చెయ్యి పట్టుకుంటారు. మాట మాత్రం తేటగా రాదు. మా జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్లలో ఇటువంటి పిల్లవాణ్ణి చూసి ఒకరు "పాపం, అమాయకుడు" అంటారు. ఇంకొకరు "వట్టి మొండిఘటం" అంటారు. తనలో తాను మాట్లాడుకుంటుంటే చూసినవారు "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తారు. అసలు సంగతేమిటో చూద్దాం.

దీని పేరు డౌన్ సిండ్రోమ్. 'డౌన్' అంటే ఇక్కడ 'కింద' అని కాదు, అది ఒక డాక్టరుగారి ఇంటిపేరు. ఇంగ్లండుకు చెందిన జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఈ లక్షణాలను వర్ణించాడు. ఆయన ముఖం చూసి ఊరుకోలేదు. ఈ పిల్లలు ఎదుటివారిని చక్కగా అనుకరిస్తారనీ, హాస్యాన్ని బాగా ఆస్వాదిస్తారనీ కూడా రాశాడు. తర్వాత తాను నడిపిన ఆశ్రమంలో వారికోసం 1879లో ఒక నాటకశాలే కట్టించాడు!

కారణం మాత్రం 1959లో గానీ బయటపడలేదు. ఫ్రాన్సులో లెజూన్, గోతియే, తుర్పాన్ అనే శాస్త్రజ్ఞులు ఈ పిల్లల కణాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించి క్రోమోసోములు లెక్కపెట్టారు. మనకు 46 ఉంటాయి, అంటే 23 జతలు. వీరికి 47 ఉన్నాయి. ఆ అదనపుది 21వ క్రోమోసోము. అండం లేదా శుక్రకణం తయారయ్యేటప్పుడు ప్రతి జతా విడిపోవాలి. 21వ జత విడిపోకుండా రెండూ ఒకే కణంలోకి వెళితే, బిడ్డకు మూడు వస్తాయి. నూటికి సుమారు 95 మందిలో జరిగేది ఇదే. అది చాలా చిన్న క్రోమోసోము. 2000లో దాన్ని పూర్తిగా చదివినప్పుడు లెక్కకు వచ్చిన జన్యువులు 225 మాత్రమే. అయితేనేం, పప్పులో రెండు చెంచాల ఉప్పు వేయవలసిన చోట మూడు వేస్తే ఏమవుతుంది? దినుసులన్నీ అవే, పాళ్లు మారాయి.

సుమారు 700 నుంచి 800 కాన్పులకు ఒకరు ఇలా పుడతారు. గ్రహణం వేళ తల్లి కత్తి పట్టిందనో, ఏదో పాపం చేసిందనో ఆమెను ఆడిపోసుకోవడం అన్యాయం. మేనరికం వల్ల కొన్ని జబ్బులు పెరిగే మాట నిజమే గానీ, డౌన్ సిండ్రోమ్ ఆ కోవలోది కాదు. తల్లి వయసు 35 దాటినకొద్దీ ఇందుకు అవకాశం ఎక్కువవుతుంది. అయినా ఈ పిల్లల్లో ఎక్కువమంది చిన్న వయసు తల్లులకే పుడుతున్నారు, ఎందుకంటే కాన్పులే వారికి ఎక్కువ కదా!

ఇక 'మొండితనం' సంగతి. మాస్టారు పేరు పెట్టి పిలిచినా పలకడు. ఎందుకు? ముందుగా చెవులు పరీక్ష చేయించాలి. వీరిలో సగంమందికి పైగా ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుంది. చెవిలోపలి నాళాలు సన్నగా ఉండి, మధ్య చెవిలో జిగట ద్రవం నిలిచిపోతుంది. జలుబు చేసిన నాడు వినపడదు, తగ్గిన నాడు వినపడుతుంది. "నిన్న విన్నవాడు ఇవాళ వినడేం? కావాలనే చేస్తున్నాడు" అని మనం అనుకుంటాం!

చెవులు బాగున్నా మరో చిక్కుంది. చెవితో విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకోవడం వీరికి కష్టం. "పుస్తకం మూసి, సంచిలో పెట్టి, బయట వరుసలో నిలబడు" అంటే మొదటి మాట ఒక్కటే మిగులుతుంది. కంటితో చూసింది మాత్రం బాగా పట్టుకుంటారు. అందుకే అనుభవమున్న టీచర్లు ఆ మూడు పనులనూ మూడు బొమ్మలుగా గీసి బల్లమీద అతికిస్తారు. గంట కొట్టగానే లెక్కలు ఆపి తెలుగు తియ్యమంటే కదలని పిల్లవాడు, రెండు నిమిషాల ముందు బొమ్మ చూపితే లేచి నిలబడతాడు. కష్టమైన లెక్క ఇచ్చినప్పుడు నవ్వి, కబుర్లు పెట్టి, పని తప్పించుకునే తెలివీ వీరికి ఉంది. ఆ విషయంలో మీకూ వారికీ తేడా ఏమీ లేదులెండి!

మాట తేటగా రాకపోవడానికి నోటి కండరాల పట్టు తక్కువగా ఉండడం ఒక కారణం. అర్థమయ్యేది ఎక్కువ, చెప్పగలిగేది తక్కువ. ఈ తేడా తెలియక వాళ్ల ఎదుటే వాళ్ల గురించి హేళనగా మాట్లాడేవారున్నారు. ఆ మాటలన్నీ వాళ్లకు అర్థమవుతాయి. తనలో తాను మాట్లాడుకోవడం పిచ్చీ కాదు, గాలీ కాదు. పగలు జరిగినదాన్ని నెమరువేసుకోవడానికి, చేయబోయే పనిని సరిచూసుకోవడానికి వీరిలో చాలామంది అలా పైకే అనుకుంటారు. అయితే ఉన్నట్టుండి ఆ మాటలు పెరిగినా, కోపంగా మారినా, ఏదో బాధ ఉందని గ్రహించి డాక్టరుకు చూపాలి. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారన్నదీ నిజం కాదు. దిగులు, సిగ్గు, అసూయ వారికీ ఉన్నాయి. తాతగారు పోయిన దుఃఖం కొన్ని నెలల తర్వాత బయటపడవచ్చు.

ఎవరినైనా వచ్చి కౌగిలించుకునే అలవాటు మూడేళ్ల వయసులో ముద్దుగానే ఉంటుంది. పదమూడేళ్లకు అదే చిక్కు తెస్తుంది. పెనుగంచిప్రోలు తిరునాళ్ల వంటి జనంలో, ఎవరు చెయ్యి పట్టుకుంటే వారి వెంట వెళ్లే పిల్లకు ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇక్కడ మన నమస్కారం భలేగా పనికొస్తుంది. ఇంట్లోవాళ్లకు కౌగిలి, మిగతా అందరికీ రెండు చేతులూ జోడించి నమస్కారం. వీరికి అనుకరణ బాగా వచ్చునని డౌన్ ఏనాడో రాశాడు కదా! తరగతిలోని పిల్లలంతా అలా చేస్తుంటే చూసి త్వరగా నేర్చుకుంటారు. వారు తిట్లు నేర్చుకునేదీ ఆ దారినే, అది కూడా గుర్తుంచుకోండి.

1984లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి వారి శిక్షణ కోసం సికింద్రాబాదులోని బోయినపల్లిలో ఒక జాతీయ సంస్థను స్థాపించింది. 2016 నాటి చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో ఉచితంగా చదువుకోవచ్చు. ఇళ్లలోనే ఉంచేస్తే ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

వీరి ఆయుష్షు కూడా పెరిగింది. అమెరికాలో 1983లో సగటున 25 ఏళ్లు బతికేవారు, ఇప్పుడు 60 దాకా బతుకుతున్నారు. గుండెకు ఆపరేషన్లు రావడం ఇందుకు ముఖ్య కారణం. మరి అన్నేళ్లూ అమ్మ వేలు పట్టుకునే తిరగలేరు కదా! అందుకే బస్సెక్కడం వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పుతారు. జగ్గయ్యపేట బస్టాండులో బోర్డు మీద 'నం' అక్షరాన్ని గుర్తుపట్టడం ఒక రోజు పాఠం. వరుసలో నిలబడి ఎక్కడం మరో రోజు. టిక్కెట్టు డబ్బులు లెక్కపెట్టి ఇవ్వడానికి వారాలు పట్టవచ్చు. కండక్టరు "ఎక్కడికి?" అని అడిగాక జవాబు బయటికి రావడానికి పది సెకన్లు పడుతుంది. పక్కనున్నవాళ్లు అందుకోకుండా ఉంటే, "నందిగామ" అని తనే చెబుతాడు.