కారు మీటర్ బోర్డు లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయా? వైజాగ్‌లో అయితే బ్యాటరీ మార్చే ముందు ఇది చూడండి

రాత్రిపూట డ్రైవింగ్‌లో ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డు లైట్లు తగ్గుతూ పెరుగుతూ ఉంటే చాలామంది చేసే మొదటి పని.. బ్యాటరీ మార్చేయడం. వేలు పోసి కొత్తది వేయిస్తారు. నాలుగు రోజులు తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, దానికి బిగించిన తీగలది. సముద్రం పక్కన ఉన్న విశాఖలో ఈ అనుమానం ఇంకాస్త ఎక్కువే పెట్టుకోవాలి.

ఉప్పుగాలే అసలు విలన్

బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, భీమిలి రోడ్డు వైపు ఉండేవాళ్లకి కిటికీ గ్రిల్స్ ఎంత తొందరగా తుప్పు పడతాయో చెప్పక్కర్లేదు. అదే గాలి బానెట్ కిందకీ వెళ్తుంది. ఉప్పు తేమని లాక్కుంటుంది. దాంతో రాగి తీగల చివర పచ్చటి చిలుము పడుతుంది. గాజువాక, మల్కాపురం వైపు అయితే బొగ్గు దుమ్ము, ఫ్యాక్టరీల ధూళి కూడా తోడవుతాయి. ఆ పొర తేమని త్వరగా ఆరనివ్వదు.

ఇంతకీ చిలుముకి, లైట్లకి సంబంధం ఏంటి? కారులో కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది ఎక్కువగా కారు బాడీ మీదుగానే. అందుకే బ్యాటరీ మైనస్ నుంచి ఓ లావుపాటి కేబుల్‌ని బాడీకి, ఇంజిన్‌కి బోల్టులతో బిగిస్తారు. మెకానిక్‌లు ‘ఎర్త్’ అనేది దీన్నే. ఆ బోల్టు కింద తుప్పు పట్టినా, కాస్త వదులైనా కరెంటు ఆగి ఆగి వెళ్తుంది. లైట్లు మిణుకుమంటాయి.

ఎప్పుడు మిణుకుమంటున్నాయి?

ముందు ఇది గమనించండి. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడే అయితే ఎక్కడో కనెక్షన్ వదులు. సిగ్నల్ దగ్గర ఆగి ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు మసకబారి, యాక్సిలరేటర్ తొక్కగానే వెలిగితే ఆల్టర్నేటర్, దాని బెల్టు మీద కన్నేయాలి. బ్యాటరీని ఛార్జ్ చేసేది ఆల్టర్నేటరే. బయట షాపులో స్టీరియోనో, ఎల్‌ఈడీ లైట్లో పెట్టించిన దగ్గర్నుంచే మొదలైతే ఆ వైరింగే ముందు విప్పించండి. కళ్లకి బాగానే ఉండి, ఫోన్‌లో వీడియో తీసినప్పుడు మాత్రమే లైట్లు వణుకుతున్నాయా? అది రిపేరే కాదు. ఎల్‌ఈడీలు చాలా వేగంగా ఆరి వెలుగుతుంటాయి, కెమెరా దాన్ని పట్టేస్తుంది, అంతే.

మల్టీమీటర్ ఉంటే ఐదు నిమిషాల పని

కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12.2 కంటే తక్కువుంటే ఛార్జ్ సగానికి పడిపోయినట్టే. ఇంజిన్ ఆన్ చేశాక మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ తేడా చేసినట్టు. కొన్ని కొత్త కార్లలో అవసరాన్ని బట్టి ఛార్జింగ్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, రీడింగ్ కాస్త తక్కువొచ్చిందని కంగారు పడొద్దు.

చాలామంది వదిలేసే టెస్ట్ ఇంకోటుంది. ఇంజిన్, హెడ్‌లైట్లు ఆన్‌లో ఉంచి, మీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజిన్ మీద రంగు లేని లోహానికి పెట్టండి. బెల్టుకి, ఫ్యాన్‌కి చేతులు దూరంగా ఉంచాలి. 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ దెబ్బతిన్నట్టే. వైజాగ్ కార్లకి ఈ టెస్ట్ చేయకుండా బ్యాటరీ మార్చమంటే ఒప్పుకోకండి.

శుభ్రం చేయడం ఇలా

ఇంజిన్ ఆఫ్ చేసి, ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పాలి. వంట సోడా కలిపిన నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి తెల్లటి పొడిని తోమండి. అది యాసిడ్ అవశేషం, చేతులకి గ్లవ్స్ వేసుకోవాలి. బాగా ఆరాక ముందు ప్లస్, ఆఖర్న మైనస్ బిగించి పైన వాజెలిన్ రాయండి. ఎర్త్ బోల్టు కింద గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి.

ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసే అలవాటు కొందరు మెకానిక్‌లకి ఇంకా ఉంది. ఇప్పటి కార్లకి అది చేయనివ్వొద్దు. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పాడైపోవచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నట్టవుతుంది.

ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగితే..

అరకు ఘాట్‌లోనో, హైవే మీదో లైట్లు మిణుకుతూ ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగి ఆరకపోతే ఛార్జింగ్ ఆగిపోయినట్టే. ఇక ఎంతసేపు నడుస్తుందో బ్యాటరీ దయ. వోల్టేజ్ పడిపోతే స్టీరింగ్ కూడా బరువెక్కొచ్చు. ఏసీ, స్టీరియో, ఫోన్ ఛార్జర్ తీసేసి దగ్గర్లోని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. మధ్యలో ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. అయితే వేడి మీటర్ పైకి వెళ్తుంటే మాత్రం వెంటనే పక్కకి ఆపాల్సిందే. చాలా కార్లలో నీళ్ల పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే. అది తెగి ఉంటే ఇంజిన్ సీజ్ అవడానికి ఎక్కువ సేపు పట్టదు.